సర్పంచ్ లేని ఊరు: కాన్సాస్ ప్రెయిరీలో ‘అన్‌ఇన్‌కార్పొరేటెడ్’ చోట ఇల్లు కొనేముందు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. మీ వారికి వాయవ్య కాన్సాస్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో జె-1 వేవర్ మీద (డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తామంటే విదేశీ డాక్టర్లకు ఇచ్చే వీసా మినహాయింపు) మూడేళ్ల ఉద్యోగం వచ్చింది. ఇల్లు వెతుకుతుంటే నాలుగెకరాల స్థలంతో, న్యూజెర్సీలో కారు షెడ్డు కూడా రాని ధరకి ఒకటి కనిపించింది. లిస్టింగ్‌లో ‘అన్‌ఇన్‌కార్పొరేటెడ్ కమ్యూనిటీ’ అని రాసి ఉంది. జనాభా చూస్తే పాతికమంది కూడా లేరు. అసలు ఇది ఊరేనా, పెద్ద అంటూ ఎవరూ లేకపోతే నీళ్లు, రోడ్డు, పోలీసు ఎవరు చూస్తారు, ఐదు నెలల పాపతో అక్కడ ఉండగలమా అని అడిగారు.

నేను సివిల్ ఇంజనీర్ని. పదహారేళ్లుగా పశ్చిమ కాన్సాస్‌లో పల్లెలకు మంచినీటి పైపులైన్లు, ట్యాంకులు డిజైన్ చేయడమే నా పని. మీరు చెప్పినలాంటి చోట్లకు వారానికి రెండు మూడుసార్లు వెళ్తుంటాను. ఒకదానిలో నాలుగేళ్లు కాపురం కూడా చేశాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు ‘అన్‌ఇన్‌కార్పొరేటెడ్’ అనే మాట సంగతి. అమెరికాలో ఒకచోట పాతిక ఇళ్లు ఉన్నంత మాత్రాన అది చట్టం దృష్టిలో ఊరు అయిపోదు. అక్కడివాళ్లు రాష్ట్ర చట్టం ప్రకారం మున్సిపాలిటీగా ఏర్పడితే అది ‘ఇన్‌కార్పొరేటెడ్’. అప్పుడు మేయరు, కౌన్సిలు, సొంత పన్ను, సొంత ఆర్డినెన్సులు వస్తాయి. ఏర్పడకపోతే అన్‌ఇన్‌కార్పొరేటెడ్. మన దగ్గర మజరా గ్రామాలు ఉంటాయి చూడండి, పేరు ఉంటుంది, గుడి ఉంటుంది, కానీ రికార్డుల్లో పక్క రెవెన్యూ గ్రామంలో కలిసి ఉంటుంది. దాదాపు అలాంటిదే. తేడా ఏమిటంటే మజరాకి కూడా ఏదో ఒక పంచాయతీ, ఒక సర్పంచ్ ఉంటారు. ఇక్కడ మీ ఇంటికీ కౌంటీకీ (మన జిల్లా లాంటిది) మధ్య అలాంటి సర్పంచ్ ఎవరూ ఉండరు. పోలీసు అంటే కౌంటీ షెరీఫ్. రిజిస్ట్రేషన్ కౌంటీ ఆఫీసులో. మట్టిరోడ్డు కౌంటీది గానీ, టౌన్‌షిప్‌ది గానీ అయి ఉంటుంది.

ఈ టౌన్‌షిప్ అనే మాట దగ్గర మనవాళ్లందరూ తికమకపడతారు. రెండు అర్థాలున్నాయి. ఒకటి సర్వే గడి. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ నేలనంతా చదరంగం బల్లలా కొలిచి గీశారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు ఉన్న గడి ఒక టౌన్‌షిప్. దాన్ని 36 సెక్షన్లు చేశారు, ఒక్కో సెక్షన్ చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. అందులో పావు వంతు 160 ఎకరాలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఐదేళ్లు కాపురముండి సాగు చేసినవాళ్లకు ఇచ్చింది ఆ పావు వంతే. విమానంలోంచి చూస్తే మైలుకొక రోడ్డు గీసినట్టు కనిపించేది అందుకే. రెండో అర్థం, ఆ గడి మీద కట్టిన చిన్న స్థానిక ప్రభుత్వం. కాన్సాస్‌లో దానికి ఒక ట్రస్టీ, ఒక క్లర్కు, ఒక ట్రెజరర్ ఉంటారు. ముగ్గురూ రైతులే అయి ఉంటారు. పంచాయతీకి దగ్గరి చుట్టం అంటే ఇదే. కానీ ఊరిని పాలించదు. రోడ్డు, శ్మశానం లాంటి రెండు మూడు పనులకే పరిమితం.

కాగితం మీద హోదాకీ, ఊరు బతికుండటానికీ సంబంధం చాలా తక్కువని మీకు తెలియాలి. నెబ్రాస్కాలో మొనోవై అని ఒకటుంది. 2010 లెక్కల ప్రకారం అక్కడ జనాభా ఒకటి. అయినా అది ఇన్‌కార్పొరేటెడ్ గ్రామం! ఉన్న ఒక్క పెద్దావిడే మేయరు, క్లర్కు, ట్రెజరర్. ఆవిడే బారు నడిపేవారు, ఆ బారు లైసెన్సు ఆవిడే మంజూరు చేసుకునేవారు. 2020 లెక్కల్లో జనాభా రెండని వచ్చింది. ఎవరో వచ్చి చేరారని కాదు. మనుషుల వివరాలు బయటపడకుండా సెన్సస్ బ్యూరో చిన్న చోట్ల అంకెలను కావాలనే కాస్త అటూ ఇటూ కదిపింది, దాంతో ఆ రెండో మనిషి పుట్టుకొచ్చాడు. కాబట్టి మీరు చూసిన జనాభా అంకెను కూడా మరీ పట్టుకుని కూర్చోకండి.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. మీరు వెళ్లబోయే ప్రాంతంలోనే, గ్రాహమ్ కౌంటీలో, 24వ నంబరు హైవే పక్కన నికోడెమస్ అనే చోటుంది. అన్‌ఇన్‌కార్పొరేటెడ్. 2020 లెక్కల్లో 14 మంది. ఆగకుండా వెళ్తే రెండు నిమిషాల్లో దాటేస్తారు. నేను మొదటిసారి అలాగే దాటేశాను. కానీ ఈ ప్రెయిరీలో, అంటే ఈ గడ్డి మైదానాల్లో, ఊళ్లు ఎలా పుట్టాయో, ఎలా ఎండిపోయాయో తెలుసుకోవాలంటే దానికి మించిన చోటు లేదు.

1877లో డబ్ల్యు.హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాస్టరు, డబ్ల్యు.ఆర్. హిల్ అనే తెల్ల భూవ్యాపారి కలిసి నికోడెమస్ టౌన్ కంపెనీ పెట్టారు. బానిసత్వం నుంచి బయటపడి పన్నెండేళ్లయినా దక్షిణాదిలో సొంత భూమి దక్కని కుటుంబాలకు కాన్సాస్‌లో నేల ఉందని కరపత్రాలు పంచారు. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో పంచిన కరపత్రం ఇప్పటికీ ఉంది: ఐదు డాలర్లు కడితే సెప్టెంబరు 5న కాన్సాస్‌కి బయల్దేరవచ్చు. ఆ నెలలోనే మూడొందల మందికి పైగా రైల్లో ఎల్లిస్ దాకా వచ్చి, అక్కణ్నుంచి ముప్పై ఐదు మైళ్లు నడిచారు. తీరా వచ్చి చూస్తే ఊరు లేదు. చెట్టు లేదు, కలప లేదు. నేలలో గుంత తవ్వి పైన మట్టిగడ్డలు కప్పుకుని ఉండాల్సి వచ్చింది. మరుసటి వసంతంలో భర్తతో వచ్చిన విల్లియానా హిక్‌మన్ అనే ఆవిడ, ఊరెక్కడ అని అడిగితే మగవాళ్లు దూరంగా నేలలోంచి లేస్తున్న పొగలు చూపించారట. అదే ఊరు. ఏడుపొచ్చేసిందని ఆవిడే తర్వాత చెప్పుకుంది. రియల్ ఎస్టేట్ బ్రోచర్ నమ్మి వెంచర్‌కి వెళ్లినవాళ్లకి ఆ బాధ బాగా తెలుస్తుంది.

చాలా కుటుంబాలు వెంటనే వెనక్కి తిరిగిపోయాయి. మిగిలినవాళ్లు నాగళ్లు, పశువులు చాలక పలుగూ పారా పట్టుకునే గడ్డి నేల తవ్వారు. మొదటి చలికాలం వేట నుంచి తిరిగొస్తున్న ఓసేజ్ తెగవాళ్లు మాంసం పంచి ఆదుకున్నారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పదేళ్లు తిరక్కుండానే అక్కడ హోటళ్లు, బ్యాంకు, చర్చిలు, బడి, రెండు వార్తాపత్రికలు వచ్చాయి. 1886లో వెస్టర్న్ సైక్లోన్, 1887లో నికోడెమస్ ఎంటర్‌ప్రైజ్. ఆ ఊరి నుంచే ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1882లో కాన్సాస్ రాష్ట్ర ఆడిటర్‌గా ఎన్నికయ్యాడు. కాన్సాస్‌లో రాష్ట్రస్థాయి పదవి గెలిచిన మొదటి నల్లజాతి వ్యక్తి అతనే.

దెబ్బ రైలు కొట్టింది. రైలు వస్తే బతుకుతామని నమ్మి 1887లో అక్కడి ఓటర్లు మిస్సోరి పసిఫిక్ కంపెనీకి 16,000 డాలర్ల బాండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఆ రైలు రాలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వచ్చింది, కానీ సాలమన్ నదికి దక్షిణం ఒడ్డున, ఆరు మైళ్ల అవతల పట్టాలు వేసుకుంది. వ్యాపారులు ఒక్కొక్కరే సామాను సర్దుకుని పట్టాల దగ్గరికి వెళ్లిపోయారు. అలా తయారైన ఊరే బోగ్. మన దగ్గర బైపాస్ పడ్డాక పాత బస్టాండు సెంటర్ ఏమవుతుందో తెలుసుగా, అదే కథ, రైలుతో. తర్వాత 1930లలో కరువు, దుమ్ము తుఫాన్లు. 1953లో పోస్టాఫీసు మూసేశారు. 1960లో బడి పోయింది. ఇప్పుడు నికోడెమస్‌కి ఉత్తరం రాయాలంటే అడ్రసులో బోగ్ అని రాయాలి. తనని ఖాళీ చేసిన ఊరి పేరుతోనే దానికి ఉత్తరాలు రావడం చూస్తే నాకు ప్రతిసారీ అదోలా ఉంటుంది.

అయినా అది చావలేదు. 1996లో కేంద్ర ప్రభుత్వం దాన్ని నేషనల్ హిస్టారిక్ సైట్ చేసింది. 1885 నాటి ఏఎమ్‌ఈ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చి, 1907 నాటి బాప్టిస్ట్ చర్చి, 1918 నాటి బడి, పాత సెయింట్ ఫ్రాన్సిస్ హోటలు, 1939లో కట్టిన టౌన్‌షిప్ హాలు నిలబడి ఉన్నాయి. ఏటా జులై ఆఖర్లో ఎమాన్సిపేషన్ (బానిసత్వ విముక్తి) వేడుకకి ఆ కుటుంబాలవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. పద్నాలుగు మంది ఊళ్లో ఆ రెండు మూడు రోజులూ కారు పెట్టడానికి చోటుండదు. జాతరకి ఆడపడుచులంతా దిగినట్టు ఉంటుంది. మేయరు లేడు, మున్సిపాలిటీ లేదు. కానీ దాన్ని ఊరు కాదనే ధైర్యం నాకు లేదు.

ఇంత కథ ఎందుకంటే, మీరు చూసిన ఇంటి దగ్గర ‘అన్‌ఇన్‌కార్పొరేటెడ్’ అనే మాటకి భయపడక్కర్లేదని చెప్పడానికి. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది నీళ్లు.

ఇంటికి నీళ్లు రెండు రకాలుగా రావచ్చు: రూరల్ వాటర్ డిస్ట్రిక్ట్ పైపు నుంచి, లేదా సొంత బోరు నుంచి. డిస్ట్రిక్ట్ అంటే నీళ్లు వాడుకునేవాళ్లే బోర్డును ఎన్నుకుని నడుపుకునే సంస్థ. కనెక్షన్ కావాలంటే ముందు ‘బెనిఫిట్ యూనిట్’, అంటే కనెక్షన్ పొందే హక్కు, కొనాలి. చాలామంది ఇంటిముందు పైపు వెళ్తోంది కదా, చాల్లే అనుకుంటారు. ఆ ఇంటికి యూనిట్ ఉందా, లేకపోతే కొత్తది ఇవ్వగలరా, పైపు అంత నీటిని మోయగలదా అన్నది వేరే సంగతి. కొన్నిచోట్ల ఇవ్వలేమని రాసి ఇచ్చిన లెటర్లు తయారుచేసింది నేనే. కాబట్టి ఏజెంటు మాట కాకుండా డిస్ట్రిక్ట్ ఆఫీసుకి నేరుగా ఫోన్ చేసి కనుక్కోండి. ఆఫీసంటే ఒక్కోసారి ఎవరో ఒకావిడ ఇంట్లో వంటింటి బల్లే. కానీ ఆవిడకి ప్రతి వాల్వూ ఎక్కడుందో తెలుస్తుంది.

సొంత బోరయితే ఇంకా జాగ్రత్త. కాన్సాస్‌లో ఇంటి అవసరాలకు బోరు నీళ్లు వాడుకోవడానికి వాటర్ రైట్ తీసుకోనక్కర్లేదు. అది మంచిదే. చెడ్డదేమిటంటే ఆ నీళ్లను ఎవరూ పరీక్షించరు. దీపం కింద చీకటి అంటారే, అది నాకే జరిగింది. 2011లో మేం కొన్న ఇంటికి బోరు ఉంది. అమ్మినవాళ్లు నీటి పరీక్ష కాగితం చూపించారు, ‘సేఫ్’ అని ఉంది. సంతకం పెట్టేశాను. ఊరందరి నీళ్లకీ రిపోర్టులు రాసే నేను, నా ఇంటి కాగితంలో పరీక్షించింది బాక్టీరియా ఒక్కటే అని చూసుకోలేదు. మూడు నెలల తర్వాత మా ఆవిడ గర్భవతి అని తెలిశాక టెన్షన్ పడి నైట్రేట్ పరీక్ష చేయిస్తే లీటరుకు 17 మిల్లీగ్రాములు వచ్చింది. ప్రజలకు సరఫరా చేసే నీళ్లలో 10 దాటకూడదని ఫెడరల్ ప్రమాణం. చుట్టూ దశాబ్దాల ఎరువులు, పశువుల కొట్టాలు, పైగా లోతు లేని పాత బోరు. ఇంకేం కావాలి.

మీకు పాప ఉంది కాబట్టి ఇది ముఖ్యం. నైట్రేట్ ఎక్కువున్న నీళ్లతో డబ్బా పాలు కలిపితే ఆరు నెలల లోపు పిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది, ఒళ్లు నీలంగా మారుతుంది. మనవాళ్లకి ఉన్న మంచి అలవాటు, కాచి చల్లార్చిన నీళ్లు, ఇక్కడ ఎదురు తిరుగుతుంది. కాస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా ఎక్కువవుతుంది. మామూలు జగ్గు ఫిల్టరు కూడా పనికిరాదు. వంటింటి సింకు కింద ఆర్‌ఓ పెట్టించాలి, పెట్టించాక మళ్లీ పరీక్షించాలి. మేం అదే చేశాం. సంతకానికి ముందే బాక్టీరియాతో పాటు నైట్రేట్ కూడా రాసిన రిపోర్టు అడగండి. ఇవ్వకపోతే మీ ఖర్చుతో చేయించుకోండి, ఇంటి ధరలో అది లెక్కలోకి కూడా రాదు.

మురుగు గురించి రెండు మాటలు. డ్రైనేజీ ఉండదు. సెప్టిక్ ట్యాంకు గానీ, ఇంటి వెనక కంచె వేసిన చిన్న చెరువు గానీ ఉంటుంది. ఆ చెరువు చూసి మా అత్తగారు బాతులు పెంచుకుందామన్నారు, అదేమిటో చెప్పేదాకా. పాప నడక మొదలుపెట్టేలోపు ఆ కంచె గట్టిగా ఉండాలి.

రోడ్డు సంగతి మీ వారి ఉద్యోగంతో ముడిపడి ఉంది. అది క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రి (పల్లె ప్రాంతాల చిన్న ఆసుపత్రులకు ప్రభుత్వం ఇచ్చే హోదా) అయితే, ఆన్ కాల్‌లో ఉన్న డాక్టరు మామూలుగా 30 నిమిషాల్లో ఆసుపత్రిలో ఉండాలి. జనం మరీ పల్చగా ఉండే చోట్ల 60 దాకా ఇస్తారు. మీ ఆసుపత్రికి ఏది వర్తిస్తుందో కాంట్రాక్టులో చూడండి. మ్యాపులో 22 నిమిషాలు అని చూపించేది ఎండ రోజు లెక్క. కంకర రోడ్డు ఫర్వాలేదు. ఉత్త మట్టిరోడ్డయితే వాన పడ్డ రోజు నల్లరేగడిలో ఎద్దుల బండిలా కూరుకుపోతారు. ‘మినిమమ్ మెయింటెనెన్స్’ (పెద్దగా బాగుచేయని రోడ్డు) అని బోర్డు కనిపిస్తే ఇంక ఆ దారి లేనట్టే అనుకోండి. మంచు తుఫాను వస్తే కౌంటీ బండి ముందు హైవేలు తోస్తుంది, మీ వంతు మర్నాడు మధ్యాహ్నం రావచ్చు. హైవేకి ఆనుకుని ఉన్న ఇల్లయితే ఈ బాధ సగం తగ్గుతుంది.

మిగిలినవి త్వరగా. అగ్నిమాపక దళం వాలంటీర్లే, మంచివాళ్లు, కానీ స్టేషన్ ఐదు మైళ్లు దాటితే ఇన్సూరెన్స్ ప్రీమియం పెరగొచ్చు. ముందే కోట్ తీసుకోండి. వంటకీ, హీటింగుకీ ప్రొపేన్ ట్యాంకు. అది ఇంటిదా, గ్యాస్ కంపెనీ అద్దెదా అడగండి. సిటీ పన్ను ఉండదు గానీ కౌంటీ, టౌన్‌షిప్, బడి, ఫైర్, చివరికి శ్మశానం డిస్ట్రిక్ట్ కూడా పన్ను బిల్లులో వరసగా కనిపిస్తాయి. ఇంటర్నెట్ గురించి దిగులొద్దు, ఇక్కడి టెలిఫోన్ సహకార సంఘాలు చాలాచోట్ల పొలాల మధ్యకి కూడా ఫైబర్ వేశాయి. సుడిగాలి వస్తే దాక్కోవడానికి బేస్‌మెంట్ లేని ఇల్లు మాత్రం ఎంత చవకైనా వద్దు.

మనుషుల గురించి అడగలేదు, అయినా చెప్తాను. ఎదురొచ్చే ప్రతి ట్రక్కు డ్రైవరూ స్టీరింగ్ మీద ఒక వేలెత్తి పలకరిస్తాడు. మీరూ ఎత్తాలి. జూన్ ఆఖర్లో గోధుమ కోతలప్పుడు ఎలివేటర్ (ధాన్యం నిల్వచేసే పెద్ద గోదాము) దగ్గర కాటా కోసం లారీల వరస ఉంటుంది. ఆ రెండు వారాలూ ఎవరినీ ఏ పనికీ పిలవకండి, మన దగ్గర నాట్లప్పుడు పిలిచినట్టే. మా పాప పుట్టినప్పుడు పేరు కూడా సరిగ్గా పలకలేని పక్కింటావిడ, అంటే మైలున్నర అవతలి పక్కింటావిడ, పదిరోజులు భోజనం పంపింది. అన్నీ మాంసం క్యాసరోల్సే, మేం శాకాహారులం. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. నాలుగో రోజు ఆవిడే గ్రహించి బంగాళాదుంపలకి మారింది. ఒంటరితనం మాత్రం ఉంటుంది, అబద్ధం చెప్పను. మీ వారు డ్యూటీలో ఉంటే రోజంతా గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. మా ఆవిడ రెండో చలికాలం నాతో నెలరోజులు మాట్లాడలేదు.

అందుకే నా సలహా: మొదటి ఏడాది కొనకండి. కౌంటీ సీటులో (కౌంటీ ఆఫీసులుండే ఊళ్లో), ఆసుపత్రికి దగ్గర్లో అద్దెకుండండి. ఒక చలికాలం, ఒక కోతల కాలం చూశాక ఆ నాలుగెకరాల సంగతి ఆలోచించవచ్చు. ఇలాంటి ఇళ్లు నెలల తరబడి అమ్మకానికి ఉంటాయి, ఎవరూ ఎగరేసుకుపోరు. ఆ ఇల్లే కావాలని మనసు పడితే లిస్టింగ్‌లో ‘లీగల్ డిస్క్రిప్షన్’ అని ఒక లైను ఉంటుంది. మన సర్వే నంబరు లాంటిది. ‘ఈశాన్య పావు, సెక్షన్ 14, టౌన్‌షిప్ 8 దక్షిణం, రేంజ్ 21 పడమర’ ఇలా ఉంటుంది. టౌన్‌షిప్ 8 దక్షిణం అంటే నెబ్రాస్కా సరిహద్దు నుంచి ఎనిమిదో గడి, గడికి ఆరు మైళ్ల చొప్పున 42 నుంచి 48 మైళ్ల మధ్య అన్నమాట. ఇంటి నంబరు వద్దు, ఆ ఒక్క లైను ఇక్కడ రాయండి. అటువైపు వాటర్ డిస్ట్రిక్ట్ పైపు ఉందా, ఉంటే ఎంత సైజుదో చూసి ఈ వారంలో చెప్తాను.